ఆరో కార్డు

గడబిడకు ఒకటో తరగతి నుంచీ ఒక అనుమానం ఉంది. ఇప్పుడు అయిదో తరగతికి వచ్చింది. అనుమానం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అన్న ఏమీ చెయ్యకుండా కూర్చున్నప్పుడు ఏం చేస్తుంటాడు?

అమ్మని అడిగింది. "ఏం చేస్తాడే, కూర్చుంటాడు" అంది అమ్మ, కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండానే.

నాన్నని అడిగింది. నాన్న లారీ డ్రైవరు. వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. "ఆ రెండు రోజులూ నేను చేసేది కూడా అదేగా తల్లీ! రేపు లేచాక చెప్తా" అని ముసుగు తన్ని పడుకున్నాడు. లేచాక చెప్పలేదు.

ఆఖరికి అన్ననే అడిగింది. అన్న చాలాసేపు ఆలోచించి, "కూర్చుంటాను" అన్నాడు.

ఇదీ ఒక జవాబేనా?

గడబిడ అనే పేరు పెట్టింది నాన్నే. పిల్ల కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టిందనేవాడు. అన్నం కంచం ముందు కూర్చుంటే ఒక కాలు గుమ్మం వైపే ఉండేది. బడిలో సైన్సు టీచర్ చిక్కుడు గింజ నాటి రమ్మంటే, గ్లాసులో మట్టి పోసి గింజ నాటింది. మొలక వచ్చిందో లేదో అని గంటకోసారి వేలుతో తవ్వి చూసింది. అలా రెండు గింజలు చచ్చిపోయాయి. ఇది మూడోది.

అన్న దీనికి పూర్తిగా ఎదురు. వాడికి పద్దెనిమిదేళ్లు. ఏ పనైనా నేర్చుకోవడానికి మిగతావాళ్లకంటే ఎక్కువ కాలం పడుతుంది. డాక్టర్లు దానికి ఏదో పొడుగాటి పేరు పెట్టారు. ఆ పేరు అమ్మకి నోరు తిరగదు. అమ్మ "నిదానం" అంటుంది, అంతే. నేర్చుకున్నాక మాత్రం ఇక తిరుగుండదు. ఎలా నేర్పితే అలాగే, ఒక్క అంగుళం అటూ ఇటూ కాకుండా చేస్తాడు.

"అందరికీ ఒకే స్పీడు ఇవ్వొచ్చుగా దేవుడు? ఎందుకిలా చేశాడు?" అని గడబిడ ఒకసారి అడిగింది.

"నాకూ తెలీదమ్మా. నేనూ రోజూ అడుగుతూనే ఉన్నా" అంది అమ్మ.

ఒకటో తరగతిలోనే ఇంకోటి కూడా జరిగింది. అప్పుడే లేసుల బూట్లు కొన్నారు. ఒకరోజు పొద్దున గడబిడకు ముడి ఎంతకీ పడలేదు. ఏడుస్తూ, విప్పుతూ, మళ్లీ కడుతూ గుమ్మంలో కూర్చుంది. అన్న పక్కనే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. సాయం చెయ్యలేదు. తొందర పెట్టలేదు. వీధి చివర అన్న స్కూలు వ్యాను వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. అన్న కదల్లేదు. ముడి పడ్డాక లేచి, "పద" అన్నాడు.

"ఒకరోజు నేనూ నీకోసం ఆగుతా అన్నా! ఒట్టు" అంది గడబిడ.

ఒట్టయితే వేసింది గానీ ఒక్కసారీ ఆగలేదు. అన్న చొక్కా గుండీలు పెట్టుకునేలోపు వీధి మలుపు తిరిగేసేది. వెనకనుంచి అన్న గొంతు వినిపించేది. "బాకీ!"

నాలుగేళ్లుగా అదే మాట. అదేదో వాడి సరదా అనుకునేది గడబిడ.

ఆ మంగళవారం గడబిడ బడి నుంచి వచ్చేసరికి అన్న గది మధ్యలో నిలబడి ఉన్నాడు. చేతిలో దుప్పటి రెండు కొసలు ఉన్నాయి. మిగతా రెండు కొసలు కిటికీ ఊచలకు కట్టి ఉన్నాయి. అన్న బెల్టుకు ఒక ఇనప రింగు, ఆ రింగుకు గుచ్చిన అట్టకార్డులు.

అన్న రెండు కొసల్నీ ఎడమ చేతిలోకి తీసుకుని, కుడి చేత్తో ఒక కార్డు తిప్పాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో కార్డు తిప్పాడు. కిటికీ వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"ఏం చేస్తున్నావ్ అన్నా?"

"ఏమీ చెయ్యట్లేదు."

"అదే, ఏమీ చెయ్యకుండా ఏం చేస్తున్నావ్?"

"ష్. డ్యూటీలో ఉన్నా" అన్నాడు అన్న.

అన్న చదివే స్కూల్లో ఆఖరి రెండేళ్లూ లెక్కలూ సైన్సులూ ఉండవు. బతకడం నేర్పుతారు. గుడ్డు ఉడకబెట్టడం, సంతకం పెట్టడం, దారి తప్పితే ఎవరిని ఎలా అడగాలో, జ్వరం వస్తే పనికి రాలేనని ఫోన్లో ఎలా చెప్పాలో, అన్నీ ఉంటాయి. ఒక టీచరమ్మ పనులు నేర్పుతుంది. అందరూ ఆమెను పని టీచర్ అంటారు. అన్నకు బస్సెక్కడం నేర్పింది ఆమే. మొదటి వారం పక్క సీట్లో కూర్చుంది. రెండో వారం వెనక సీట్లో కూర్చుంది. మూడో వారం స్కూటర్ మీద బస్సు వెనకాలే వచ్చింది. నాలుగో వారం రాలేదు. అన్న ఒక్కడే వెళ్లి ఒక్కడే వచ్చాడు. ఆ రోజు అమ్మ మిషన్ మీద సూది మూడుసార్లు విరగ్గొట్టింది.

ఇప్పుడు అన్నకు పెద్దాసుపత్రి లాండ్రీలో రెండు వారాల పరీక్ష నడుస్తోంది. పరీక్ష అంటే కాగితం మీద రాసేది కాదు. రోగుల మంచాల మీద వేసే దుప్పట్లు మడత పెట్టాలి. ఈ శుక్రవారంతో అయిపోతుంది. బాగా చేస్తే ఉద్యోగం ఇస్తారు. లేకపోతే, మళ్లీ ఇలాంటి చోటు ఎప్పుడు దొరుకుతుందో పని టీచర్‌కే తెలీదు.

పని మరిచిపోకుండా ఉండటానికే ఆ రింగు. ఒక్కో అడుగుకు ఒక్కో కార్డు. పని టీచరూ అన్నా కూర్చుని బొమ్మలు వేసుకున్నారు. కార్డు తిప్పాలి, చూడాలి, చెయ్యాలి. మళ్లీ తిప్పాలి. ఇంట్లో అందరికీ తెలుసు, అన్నకు రింగు మాటంటే వేదం.

కాసేపటికి అన్న రింగు బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే గడబిడకు ఒక అట్టముక్క కావలసి వచ్చింది. రోజూ బడికి తీసుకెళ్లి తెచ్చుకునే తన గ్లాసును క్లాసులో వెనకబెంచీ వాళ్లు ఊరికే కెలుకుతున్నారు. తను తవ్వితే వేరు, వాళ్లు తవ్వితే వేరు కదా! గ్లాసు మెడకు ఒక అట్ట కట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో 'ముట్టుకోవద్దు' అని రాయాలి. ఇల్లంతా వెతికింది. ఎక్కడా తెల్లటి అట్ట లేదు.

బల్ల మీద రింగు కనబడింది.

కార్డులు తిప్పి చూసింది. సబ్బు నురగతో చేతులు. చక్రాల బండి. దుప్పటి. దుప్పటి కొసలు పట్టుకున్న వేళ్లు. వెనక్కి వేస్తున్న పాదం. ఆ తర్వాతి కార్డు మీద ఏమీ లేదు. తిప్పి చూసింది. అటూ ఖాళీయే. తెల్లగా, మందంగా, పైన చక్కగా చిల్లు కూడా ఉంది. దారం కట్టుకోవడానికి చేసినట్టే ఉంది.

"టీచర్ పొరపాటున ఒకటి ఎక్కువ గుచ్చేసినట్టుంది" అనుకుంది గడబిడ. "ఖాళీదేగా!"

చటుక్కున రింగు విప్పి, కార్డు లాగి, మళ్లీ బిగించింది. అంతా కలిపి అర నిమిషం పట్టలేదు.

బుధవారం అన్న ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండానే కూర్చున్నాడు. అమ్మ మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది.

"తొమ్మిది" అన్నాడు అన్న.

"ఏంటి నాన్నా, తొమ్మిది?"

"కింద పడ్డాయి."

ఆసుపత్రి దుప్పట్లకు ఒక నియమం ఉంది. ఉతికిన దుప్పటి కొస ఒక్కటి నేలకు తగిలినా సరే, ఎర్ర సంచిలో వేసి మళ్లీ ఉతకాల్సిందే. అన్న చేతిలో రోజుకు ఒకటి పడటమే ఎక్కువ. అలాంటిది ఒక్కరోజులో తొమ్మిది!

గురువారం మధ్యాహ్నం లాండ్రీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఒకసారి వచ్చి చూడమన్నాడు. గడబిడ బడి నుంచి రాగానే అమ్మ దాన్ని కూడా తీసుకుని బయలుదేరింది.

లాండ్రీ ఆసుపత్రి వెనక నేలమాళిగలో ఉంది. తలుపు తీయగానే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. ఒక పక్క ఏనుగంత మిషన్లు గిరగిరా తిరుగుతున్నాయి. ఇంకో పక్క పొడుగాటి రోలర్ల మధ్యలోంచి దుప్పట్లు అప్పడాల్లా చదునుగా బయటికి వస్తున్నాయి. ఆ మోతకు పక్కవాళ్ల మాట పక్కవాళ్లకు వినపడదు. పనివాళ్లందరూ చెవులకు మూతలు పెట్టుకున్నారు. ఏం చెప్పాలన్నా చేతులు ఊపుతున్నారు. ఎర్ర సంచి, పచ్చ సంచి, నీలం సంచి. గోడకు వరసగా చిన్న చిన్న ఇనప అల్మారాలు, ఒక్కోదానికీ ఒక్కో నంబరు. పర్మనెంటు వాళ్లకే వాటి తాళంచెవులు ఇస్తారట. గడబిడకు రెండు కళ్లూ చాల్లేదు.

పని టీచర్ అప్పటికే వచ్చి ఉంది. గాజు తలుపు లోపలున్న చిన్న ఆఫీసు గదిలోకి అందరినీ తీసుకెళ్లింది. అక్కడ మాట వినపడుతుంది.

"నేనేం చెడ్డవాణ్ణి కాదమ్మా" అన్నాడు సూపర్‌వైజర్, ఎవరూ అనకుండానే. "ఏడు రోజులు బంగారంలా చేశాడు. నా పాతవాళ్లే నేర్చుకోవాలన్నంత నీటుగా చేశాడు. నిన్నట్నుంచే ఏమైందో! మీరే చూడండి."

గాజులోంచి చూశారు. అన్న ఒక చివర, జుట్టంతా నెరిసిన ఒక పెద్దమ్మ ఇంకో చివర నిలబడ్డారు. ఆమె అన్నకు మడత జోడీ. ముప్పై ఏళ్లుగా అక్కడే పని చేస్తోంది. ఇన్నేళ్ల తడి గుడ్డలకు ఆమె వేళ్ల కీళ్లు బిగుసుకుపోయాయి. కొసలు దొరకబుచ్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది.

అన్న కొసలు పట్టుకున్నాడు. కార్డు తిప్పాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. కార్డు తిప్పాడు. వెంటనే చేతులు రెండూ కలిపేశాడు. పెద్దమ్మ వేళ్లు ఇంకా కొస కోసం తడుముకుంటూనే ఉన్నాయి. దుప్పటి ఆమె చేతిలోంచి జారింది. జారి నేలమీద పడింది.

పెద్దమ్మ "అయ్యో!" అనడం గాజులోంచి కనబడింది. వినబడలేదు. అన్నకూ వినబడి ఉండదు.

అన్న దుప్పటిని ఎర్ర సంచిలో వేశాడు. చాలా జాగ్రత్తగా వేశాడు.

"ఆగట్లేదు" అంది పని టీచర్ మెల్లగా. "ఆమె పట్టుకునేదాకా ఆగడం లేదు. ఎందుకని?"

అన్నను లోపలికి పిలిచింది. రింగు తీసుకుని లెక్కపెట్టింది.

"పదకొండు ఉండాలి. పదే ఉన్నాయి. ఏది లేదు?"

అన్న ఒక్కొక్కటిగా తిప్పాడు. మొహం పాలిపోయింది. "ఆరోది. పెద్దమ్మ కార్డు" అన్నాడు.

ఒకటి లేదనగానే ఉలిక్కిపడ్డ గడబిడ, పెద్దమ్మ కార్డు అనేసరికి ఊపిరి పీల్చుకుంది. తను తీసింది ఖాళీ కార్డు. దాని మీద ఏ పెద్దమ్మా లేదు. ఇంకెవరి బొమ్మా లేదు. అయితే ఇది వేరే కార్డు!

అయినా సరే, ఎందుకో ఆ ఖాళీ కార్డు మాట ఎవరికీ చెప్పలేదు.

"రేపే ఆఖరి రోజు" అన్నాడు సూపర్‌వైజర్, నెత్తిమీద టోపీ తీసి మళ్లీ పెట్టుకుంటూ. "రేపు కూడా ఇలాగే ఉంటే నేను పైవాళ్లకేం చెప్పను చెప్పండి?"

ఇంటికి రాగానే గడబిడ వెతుకులాట మొదలుపెట్టింది. మంచం కింద దూరింది. అన్న సంచి బోర్లించింది. మిషన్ కింద గుడ్డముక్కల గుట్టంతా తిరగేసింది. పెద్దమ్మ కార్డు తనే వెతికి ఇస్తే ఎంత బాగుంటుంది!

"అన్నా, ఆ కార్డులో పెద్దమ్మ ఎలా ఉంటుంది? నిలబడి ఉంటుందా, కూర్చుని ఉంటుందా?"

"పెద్దమ్మ ఉండదు" అన్నాడు అన్న, బీరువా వెనక చూస్తూ.

"మరి? ఆమె చేతులుంటాయా?"

"ఉండవు."

"మరేం బొమ్మ ఉంటుంది?"

"బొమ్మ లేదు. తెల్లగా ఉంటుంది."

గడబిడ మంచం కిందే ఉండిపోయింది. బయటికి రావాలనిపించలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా పడుకుంది. కిటికీ గూట్లో చిక్కుడు గ్లాసు ఉంది. దాని మెడకు తెల్లటి కార్డు వేలాడుతోంది. మంచం కిందనుంచి కూడా అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి. ముట్టుకోవద్దు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గడబిడ ఆ మాట కూడా అనుకుంది. కానీ అన్న బీరువా వెనక, తలుపు వెనక, మళ్లీ బీరువా వెనక వెతుకుతూనే ఉన్నాడు. దొరికేదాకా వాడు ఆపడు. తిండి కూడా తినడు. వాడి పాదాలు మంచం పక్కనుంచి అటూ ఇటూ నడుస్తుంటే గడబిడ చూడలేకపోయింది.

పాక్కుంటూ బయటికి వచ్చింది. గ్లాసు మెడలోంచి కార్డు విప్పి అన్న చేతిలో పెట్టింది.

"నేనే తీశా" అంది. "ఖాళీదనుకున్నా."

అన్న కార్డు చూశాడు. అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. "ము... ట్టు... కో... వద్దు." తిప్పాడు. అటువైపూ అదే రాసి ఉంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అన్నకు కోపం వస్తే అరవడు. చెవులు ఎర్రబడతాయంతే.

"నేను నీ గింజను ముట్టుకోలేదు" అన్నాడు.

గడబిడ గ్లాసు మెడకు మిగిలిన దారం పీకేసింది.

"ఒక్కసారీ ముట్టుకోలేదు" అన్నాడు అన్న మళ్లీ.

"తప్పయింది అన్నా."

"ఇది నా రింగుకు కట్టాలి. నీ గ్లాసుకు కాదు" అని కార్డు తిరిగి దాని చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

అమ్మ అంతా విన్నది. తిట్టలేదు. ఫోన్ తీసి, పని టీచర్ నంబరు నొక్కి, గడబిడకు అందించింది. జరిగింది చెప్పడానికి గడబిడకు చాలాసేపు పట్టింది. జీవితంలో మొదటిసారి అది అంత నెమ్మదిగా మాట్లాడింది.

"సూపర్‌వైజర్‌కి నేను చెప్తాలే" అంది పని టీచర్. "కానీ చూడమ్మా, సాకు చెబితే ఉద్యోగం రాదు. రేపు దుప్పట్లు నేల తాకకూడదు. ఇప్పుడు కావలసింది అదొక్కటే."

ఫోన్ పెట్టేయగానే గడబిడ మళ్లీ గడబిడ అయింది. అమ్మను అడిగి కొత్త చొక్కా మడతలోంచి తెల్ల అట్ట తీయించుకుంది. రంగు పెన్సిళ్లు ముందేసుకుని కూర్చుంది. ఖాళీ కార్డేంటి, దాంట్లో ఏముంటుంది? అంతకంటే మంచిది చేస్తుంది. నెరిసిన జుట్టు, ముడి, చెవి మూతలు, నవ్వు. పెద్దమ్మ అచ్చుగుద్దినట్టు వచ్చింది.

"చూశావా! ఇప్పుడిది నిజంగా పెద్దమ్మ కార్డు" అంటూ అన్న దగ్గరికి పరిగెత్తింది.

అన్న బొమ్మను చూశాడు. చెవుల ఎరుపు కొంచెం తగ్గింది. "బాగుంది" అన్నాడు. రింగుకు గుచ్చుకున్నాడు. ఇద్దరూ దుప్పటి పట్టుకున్నారు. గడబిడ తన వేళ్లు పెద్దమ్మ వేళ్లలా వంకరగా పెట్టుకుంది.

అన్న కార్డు తిప్పాడు. అడుగు వెనక్కి వేశాడు. కార్డు తిప్పాడు. పెద్దమ్మ బొమ్మను తేరిపార చూశాడు. నవ్వుతున్న బొమ్మను చూసి తనూ నవ్వాడు. మళ్లీ కార్డు తిప్పి చేతులు కలిపేశాడు. దుప్పటి గడబిడ వేళ్లలోంచి జారి నేల మీద పడింది.

"నేనింకా పట్టుకోలేదు అన్నా! నన్ను చూడాలి కదా!"

"పెద్దమ్మను చూశాను" అన్నాడు అన్న. కార్డు చూపించాడు.

ఇంకోసారి చేశారు. మళ్లీ అదే. మూడోసారీ అదే.

అన్న దుప్పటి వదిలేసి కింద కూర్చున్నాడు. గడబిడ కూడా కూర్చుంది.

"పరీక్షకు ముందు లాండ్రీలో నేర్పేటప్పుడు టీచర్ కూడా వేశారు. చెయ్యి బొమ్మ వేశారు. చేతిని చూశాను. కన్ను బొమ్మ వేశారు. కన్నును చూశాను. పెద్దమ్మ చేతిలోంచి పడిపోయేది" అన్నాడు అన్న.

"మరి ఖాళీది ఎలా వచ్చింది?"

"ఒకరోజు బొమ్మ వెయ్యడం మరిచిపోయారు. కార్డు తిప్పాను. ఏమీ లేదు. ఏం చెయ్యాలో తెలీలేదు. తలెత్తాను." అన్న తలెత్తి చూపించాడు. "ఎదురుగా పెద్దమ్మ ఉంది. ఇంకా రెడీ కాలేదు. ఆగాను. పెద్దమ్మ తలూపింది. అప్పుడు తిప్పాను. దుప్పటి పడలేదు. టీచర్ ఇంకేం వెయ్యొద్దు, అలాగే ఉంచుదాం అన్నారు."

గడబిడ తను వేసిన బొమ్మను చూసింది. ఎంత అందంగా వచ్చింది! అందంగా ఉండటమే దాని తప్పు.

అప్పుడు ఉన్నట్టుండి దానికి పాత అనుమానం గుర్తొచ్చింది.

"అన్నా, నువ్వు ఏమీ చెయ్యకుండా కూర్చుంటావు చూడు. అప్పుడు ఏం చేస్తావ్?"

అన్న ఎప్పటిలాగే చాలాసేపు ఆలోచించాడు. ఈసారి గడబిడ మధ్యలో లేచి వెళ్లలేదు.

"చూస్తాను" అన్నాడు.

"ఏం చూస్తావ్?"

"ఎదుటివాళ్లు రెడీనా అని."

గడబిడకు గుమ్మం గుర్తొచ్చింది. లేసులు గుర్తొచ్చాయి. హారన్ కొట్టి వెళ్లిపోయిన వ్యాను గుర్తొచ్చింది.

"కొత్తది నేను కత్తిరించనా?" అంది చిన్నగా.

"నేను కత్తిరిస్తాను."

"చిల్లు నేను పెట్టనా?"

"నేను."

"మరి నేనేం చెయ్యను?"

"ఏమీ చెయ్యకు" అన్నాడు అన్న.

అది చాలా కష్టమైన పని. అన్న పెన్సిలుతో గీత గీసుకుని, పాత కార్డు పక్కన పెట్టి కొలుచుకుని, నాలుక కొస బయటపెట్టి కత్తిరిస్తుంటే, గడబిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కత్తెర రెండుసార్లు పక్కకు పోయింది. గడబిడ పెదవి కొరుక్కుంది. చేతులు మాత్రం బయటికి తియ్యలేదు.

శుక్రవారం పొద్దున అమ్మ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. అన్న పక్కన నిలబడ్డాడు. గడబిడ ఒక కన్ను తెరిచి చూస్తోంది. అన్న ఏం కోరుకుంటాడో వినాలని దాని ఆశ. ఉద్యోగం రావాలంటాడేమో.

"దేవుడా, ఇవాళ పెద్దమ్మ వేళ్లు నొప్పి పుట్టకూడదు" అన్నాడు అన్న.

గడబిడ తెరిచిన కన్ను మూసేసింది.

సాయంత్రం బడి వదలగానే గడబిడ ఇంటికి వెళ్లలేదు. అమ్మకి పొద్దున్నే చెప్పి, సరేననిపించుకుంది. తిన్నగా వీధి చివర బస్టాపుకు వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

మొదటి బస్సు వచ్చింది. అందులో అన్న లేడు. దానికి కాలు కాలిన పిల్లిలా లేచి తిరగాలనిపించింది. లాండ్రీ దాకా పరిగెత్తాలనిపించింది. ఇంటికెళ్లి ఫోన్ చేస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. లేవబోయింది. మళ్లీ కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

ఏమీ చెయ్యకుండా కూర్చుంటే ఎన్ని కనబడతాయో ఆ రోజే తెలిసింది. ఒక ముసలాయన టిక్కెట్టు జేబులో ఉందో లేదో నాలుగుసార్లు తడుముకున్నాడు. చంటిబిడ్డ తల్లి సంచి ఏ చేతికి మార్చుకోవాలో తెలియక తికమకపడింది. రోడ్డు దాటడానికి వచ్చిన కుక్క కూడా ఆగి, అటూ ఇటూ చూసి దాటింది. రోజూ ఈ బస్టాపు ముందునుంచే పరిగెత్తేది గడబిడ. వీటిలో ఒక్కటీ ఎప్పుడూ చూడలేదు.

రెండో బస్సులోనూ అన్న లేడు. గడబిడ తొడల కిందున్న చేతుల్ని ఇంకాస్త లోపలికి నెట్టుకుంది.

మూడో బస్సు ఆగింది. ముందు తలుపు దగ్గర అన్న బూట్లు కనబడ్డాయి. ఒక మెట్టు దిగాడు. ఆగాడు. రెండో మెట్టు దిగాడు. నేల మీదికి వచ్చి సంచి సర్దుకున్నాడు. గడబిడకు ఎగిరి వాడి మీద పడి అడగాలని ఉంది. అడగలేదు. అన్న తలెత్తి తనను చూసేదాకా ఆగింది.

అన్న తలెత్తాడు. చూశాడు. చాలా ఆశ్చర్యపోయాడు.

బెంచీ దగ్గరికి వచ్చి బెల్టు నుంచి రింగు తీశాడు. కార్డులు ఒక్కొక్కటే తిప్పాడు. సబ్బు చేతులు, బండి, దుప్పటి, వేళ్లు, పాదం. ఆరోది తెల్లటి కార్డు. ఒక పక్క కొంచెం వంకర పోయింది. దాని పక్కనే ఒక చిన్న తాళంచెవి వేలాడుతోంది. తాళంచెవికి ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద నంబరు. పదిహేడు.

"నా అల్మారా" అన్నాడు అన్న. "సోమవారం నుంచి."

"ఎన్ని పడ్డాయి?"

"ఒకటి. అదీ పెద్దమ్మకి తుమ్మొచ్చి."

గడబిడ పకపకా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. గడబిడ లేచి నిలబడింది. ఈ వార్త మోసుకుని ఇంటికి పరిగెత్తాలి. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.

అప్పుడే అన్న కిందికి చూశాడు. కుడి బూటు లేసు ఊడిపోయి ఉంది.

అన్న బెంచీ మీద కూర్చుని వంగాడు. ఒక చివర పట్టుకున్నాడు. ఇంకో చివర పట్టుకున్నాడు. వేళ్లు రోజంతా దుప్పట్లు మడతపెట్టి అలిసిపోయాయి. మొదటి ముడి జారింది. మళ్లీ మొదలుపెట్టాడు.

గడబిడ వీధి మలుపు వైపు చూసింది. తర్వాత వచ్చి అన్న పక్కన కూర్చుంది. కట్టనా అని అడగలేదు. తొందరగా కానియ్ అనలేదు. నాలుగో బస్సు వచ్చి వెళ్లింది. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

ముడి పడింది.

"బాకీ తీరిందా అన్నా?" అంది గడబిడ.

అన్న ఎడమ బూటు వైపు చూశాడు. ఆ లేసును నిదానంగా, కావాలనే, లాగి విప్పాడు.

"ఉండు" అన్నాడు. "ఇంకోటి ఉంది."

గడబిడ వెనక్కి జారగిలి కూర్చుని, అన్న తలెత్తేదాకా ఆగింది.